‘సిక్స్‌టీన్ టన్స్ ఆఫ్ బూగీ’: టెనెసీ ఎర్నీ ఫోర్డ్ తుంటరి పాటల సంకలనం

పాత అమెరికన్ పాటలతో కొద్దిపాటి పరిచయమున్నవారికి టెనెసీ ఎర్నీ ఫోర్డ్ అనగానే 1955 నాటి ‘సిక్స్‌టీన్ టన్స్’ అనే బొగ్గుగని పాట గుర్తుకు వస్తుంది. పరిచయం ఇంకాస్త ఎక్కువగా ఉన్నవారికి, ఆ తరువాత దశాబ్దాలపాటు ఆయన పాడిన క్రైస్తవ కీర్తనలు కూడా తెలిసే ఉంటాయి. సన్నని మీసం, చక్కగా కుట్టిన సూటు, నాభిస్థానం నుంచి లేచే గంభీరమైన గొంతు, ఇవన్నీ కలిసి ఆయనకు ఒక పెద్దమనిషి రూపాన్ని కట్టబెట్టాయి. రైనో రికార్డుల సంస్థ 1990లో వెలువరించిన ‘సిక్స్‌టీన్ టన్స్ ఆఫ్ బూగీ’ అనే సంకలనం ఆ పెద్దమనిషిని కాసేపు పక్కకు జరిపి, అంతకు ముందు క్యాపిటల్ రికార్డు కంపెనీ మైకుల ముందు నిలబడి కుందేళ్ల వేట గురించీ, చేపల గాలాల గురించీ, పొదల చాటు సరసాల గురించీ గుక్క తిప్పుకోకుండా పాడిన ముప్పై ఏళ్ల గాయకుణ్ణి ముందుకు తెస్తుంది. ‘సిక్స్‌టీన్ టన్స్’ను విడిగా విన్నవారికి అది ఎక్కడినుంచో ఊడిపడినట్లు తోస్తుంది. 1949 నాటి తొలి రికార్డుల నుంచి వరుసగా వింటూ దాని దగ్గరికి చేరితే, అంతకు ముందు ఆరేళ్లు ఈ గాయకుడు బూగీ అనే ఊపు లయతో చేసిన సాధన అంతా నెమ్మదించి అందులోకి దిగిందని చెవికే తెలుస్తుంది. ఈ సంకలనానికి నేను ఇచ్చే విలువలో సింహభాగం ఇందుకే.

ఎర్నెస్ట్ జెనింగ్స్ ఫోర్డ్ 1919 ఫిబ్రవరి 13న టెనెసీ రాష్ట్రంలోని బ్రిస్టల్‌లో పుట్టాడు. టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు రేఖ ఆ ఊరి ప్రధాన వీధి మధ్యగా పోతుంది. 1927లో విక్టర్ రికార్డు కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన యంత్రాలతో వచ్చి, కార్టర్ కుటుంబం పాటలను, జిమ్మీ రాజర్స్ పాటలను తొలిసారి రికార్డు చేసింది ఆ వీధిలోనే. అమెరికన్ పల్లెపాటల నుంచి పుట్టిన కంట్రీ సంగీతం చరిత్ర రాసేవారు తమ కథను తరచు అక్కడినుంచే ఎత్తుకుంటారు. అప్పటికి ఫోర్డ్‌కు ఎనిమిదేళ్లు. అంతమాత్రాన ఆయనను పల్లెపాటల మధ్య పెరిగి, చదువు సంస్కారాల వాసన లేకుండా నేరుగా మైకు ముందుకు వచ్చిన జానపదుడిగా ఊహించుకోకూడదు. ఊళ్లోని రేడియో కేంద్రంలో అనౌన్సరుగా చేరి, 1939లో సిన్సినాటి కన్సర్వేటరీలో శాస్త్రీయ గాత్రం అభ్యసించాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వైమానిక దళంలో బాంబులు గురిచూసి విడిచే విద్య నేర్చి, కాలిఫోర్నియాలో ఉండి దానిని ఇతరులకు నేర్పాడు. యుద్ధం ముగిశాక ఆ రాష్ట్రంలోనే మొదట శాన్ బెర్నార్డినోలో, ఆపైన పాసడీనాలో రేడియో కొలువు చేశాడు. వార్తలు చదివేటప్పుడు ఆయనది తీర్చిదిద్దిన ఇంగ్లీషు. పాటల కార్యక్రమం వచ్చేసరికి మాత్రం పశువుల మెడగంటలు మోగిస్తూ, యాసను సాగదీస్తూ, కొండప్రాంతపు మొరటు మనిషి వేషం కట్టేవాడు. ‘టెనెసీ ఎర్నీ’ అనేది ఆ వేషానికి పెట్టుకున్న పేరు.

ఈ సంకలనంలోని హాస్యమంతా ఆ రెండు గొంతుల మధ్యనున్న దూరంలోనే పుడుతుంది. పాడుతున్న పాత్ర పాలు పితికే రైతు కావచ్చు, గాలం వేసే సోమరి కావచ్చు; పాడుతున్న మనిషికి మాత్రం ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, హల్లును ఎక్కడ నొక్కి వదలాలో, పాదం చివర స్వరాన్ని ఎంత కిందికి దించి ఆపాలో నేర్పిన గురువులున్నారు. అందువల్లనే అప్పటి కంట్రీ గాయకుల పాటల్లో తరచు ముక్కులో కలిసిపోయే మాటలు ఈయన దగ్గర, ఎంత వేగంలోనైనా, విడివిడిగా వినబడతాయి. ఇంగ్లీషు పాటల మాటలు పట్టుకోవడానికి తంటాలు పడే మనవంటి శ్రోతలకు ఇది చిన్న ఉపకారం కాదు. శిక్షణ పొందిన గాయకుడు పల్లెటూరివాడిగా నటించడం నిజాయితీ కాదని ఆక్షేపించే విమర్శకులు ఉండవచ్చు గానీ, నాటకంలో రాజు వేషం కట్టినవాడు రాజు కావాలని మనం ఎన్నడూ అడగలేదు.

బూగీ గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. బూగీ-వూగీ అనే వాద్యశైలి అమెరికా దక్షిణ ప్రాంతాల కలప శిబిరాల్లో, రైలుదారుల వెంట ఉండే సారా కొట్లలో, నల్లజాతి పియానో వాదకుల చేతుల మీద రూపుదిద్దుకుంది. ఎడమ చెయ్యి మంద్రస్థాయిలో ఒక్కో ఆవర్తానికి ఎనిమిది దెబ్బల చొప్పున ఎడతెగకుండా నడుస్తూ ఉంటే, కుడి చెయ్యి దానిపైన ఇష్టం వచ్చినట్లు విహరిస్తుంది. ఆదితాళం వేస్తూ పాట వినే అలవాటున్నవారికి ఎనిమిది లెక్కించడం కష్టమేమీ కాదు గానీ, ఇక్కడ లెక్క కన్నా ఊపు ముఖ్యం: దెబ్బలు జంటలు జంటలుగా వస్తాయి, జంటలో మొదటిది కాస్త సాగుతుంది, రెండవది దానిని వెనుకనుంచి తోసినట్లు పొట్టిగా పడుతుంది. 1928లో పైన్‌టాప్ స్మిత్ చేసిన రికార్డుతో ఈ శైలికి ఆ పేరు స్థిరపడింది. 1938 డిసెంబరులో న్యూయార్కులోని కార్నెగీ హాలులో ఆల్బర్ట్ ఆమన్స్, మీడ్ లక్స్ లూయిస్, పీట్ జాన్సన్ వాయించిన తరువాత దేశమంతా దానికోసం వెర్రెత్తిపోయింది. 1940ల నడుమ ఆర్థర్ స్మిత్, డెల్మోర్ సోదరులు మొదలైన తెల్లజాతి కంట్రీ కళాకారులు దానిని పియానో మీదినుంచి గిటారు మీదికి తెచ్చారు. ఫోర్డ్ క్యాపిటల్‌తో ఒప్పందం చేసుకున్న 1949 నాటికి కంట్రీ బూగీ అప్పటికే బాట పడిన బండి. దానిని ఆయన కనిపెట్టలేదు, ఆయన కనిపెట్టాడని చెప్పే అట్టమీది పొగడ్తలు ఎక్కడ కనబడినా నమ్మనక్కరలేదు.

మరి ఆయన చేర్చినదేమిటి? నా ఉద్దేశంలో గొంతు స్థాయి. అంతకు ముందు బూగీ పాడిన కంట్రీ గాయకులలో ఎక్కువమందిది పై స్థాయి గొంతు. కింద వాద్యాలు దరువు వేస్తుంటే వారు పైన పాడేవారు. ఫోర్డ్‌ది మంద్రం. పియానో ఎడమ చెయ్యి ఏ స్వరాల మధ్య తిరుగుతుందో సరిగ్గా అక్కడే ఆయన గొంతు కూడా తిరుగుతుంది. దానితో గాయకుడు లయ మీద కూర్చున్నట్లు కాక, లయలో ఒక భాగమైనట్లు వినబడతాడు. బాస్ వాద్యం, గొంతు ఒకే దారిలో పక్కపక్కన నడుస్తూ, పాదం చివర గొంతు ఒక మెట్టు కిందికి దిగినప్పుడు వాద్యం తానే పైకి తప్పుకొని దారి ఇస్తుంది. ఇంత బరువైన గొంతుతో ఇంత చురుకుగా కదలడం ఎలా సాధ్యమైందో అర్థం కావాలంటే ఆయన సాగదీయని చోట్లను గమనించాలి: వేగపు పాటల్లో ఆయన ఏ అచ్చునూ అవసరానికి మించి పట్టుకోడు, తనకున్న నాదసంపదను దాదాపు పిసినారిగా వాడతాడు.

గాయకుడితో సమానంగా చెప్పుకోవలసింది వాద్యబృందం గురించి. ఇవి కంట్రీ సంగీతానికి రాజధాని అనదగిన నాష్‌విల్‌లో తయారైన రికార్డులు కావు. 1930లలో దుమ్ము తుఫానులకు, అప్పులకు తట్టుకోలేక ఓక్లహోమా, టెక్సస్, ఆర్కన్సా రాష్ట్రాల నుంచి లక్షలాది మంది కుటుంబాలతో కాలిఫోర్నియాకు వలస వెళ్లారు. ఆ కుటుంబాల వారాంతపు నాట్యశాలలే ఈ సంగీతానికి పోషకులు. నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక డ్రమ్ములను దగ్గరికి రానివ్వని కాలంలో, పడమటి తీరపు బృందాలు డ్రమ్ములు, విద్యుత్ గిటార్లు, జాజ్ పోకడలు నిస్సంకోచంగా వాడుకున్నాయి. ఫోర్డ్‌ను చేరదీసి, ‘హోంటౌన్ జంబోరీ’ అనే తన కార్యక్రమంలో స్థానం ఇచ్చి, తరువాత ఆయన వ్యవహారాలు చూసుకున్న క్లిఫీ స్టోన్ స్వయంగా బాస్ వాద్యకారుడు. ఆ కార్యక్రమం నుంచే జిమ్మీ బ్రయంట్, స్పీడీ వెస్ట్ అనే జోడీ ఈ రికార్డుల్లోకి వచ్చింది. బ్రయంట్ గిటారు మీద స్వరాలను గింజలు రాలినట్లు రాలుస్తాడు. వెస్ట్ వాయించేది పాల్ బిగ్స్‌బీ తయారుచేసి ఇచ్చిన పెడల్ స్టీల్ గిటారు. ఆ వాద్యాన్ని రికార్డుల్లో తొలినాళ్లలోనే వినిపించినవారిలో ఆయన ఒకడు. తీగల మీద జారించవలసిన లోహపు కడ్డీని ఆయన ఒక్కోసారి దభీమని పడేస్తాడు. అప్పుడు పుట్టే చప్పుడు స్వరమో, ప్రమాదమో తేలకముందే మళ్లీ శ్రుతిలోకి వచ్చేస్తాడు. కంట్రీ వాద్యం అంటే కన్నీటి మూలుగు అని అనుకునేవారు ఈ ఇద్దరినీ వినాలి.

సంకలనానికి గుండెకాయ ‘ద షాట్‌గన్ బూగీ’. ఫోర్డ్ స్వయంగా రాసిన ఈ పాట 1950 చివర విడుదలై, మరుసటి ఏడాది ఆరంభంలో కంట్రీ పాటల జనాదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరి మొత్తం 14 వారాలు అక్కడ నిలిచింది. మూలన నిలబెట్టిన తుపాకిని చూపించడంతో పాట మొదలవుతుంది. కిటికీలోంచి చూస్తే గడ్డిలో బలిసిన కుందేళ్లు. వేటకు బయలుదేరిన కుర్రవాడికి అడవిలో తనలాగే తుపాకి పట్టుకొని తిరుగుతున్న పిల్ల కనబడుతుంది. ఇద్దరికీ మాట కలుస్తుంది. మాట కలిసిన కాసేపటికే పిల్ల తండ్రి, ఆయన చేతిలోనూ తుపాకి. తుపాకి గురిపెట్టి పెళ్లి జరిపించే తండ్రి అమెరికా దక్షిణాది హాస్యంలో పాత పాత్రే, కథలో కొత్తదనం కోసం వెదకనవసరం లేదు. కథనం నడిపిన తీరు మాత్రం అబ్బురపరుస్తుంది. ప్రతి చరణంలోనూ తుపాకి చేతులు మారుతుంది, మారిన ప్రతిసారీ దాని అర్థం మారుతుంది: మొదట తిండికి, తరువాత సరసానికి, చివరకు పెళ్లికి. మధ్యలో వాద్యాలు దారి తీసుకున్నప్పుడు వేగం పెరిగినట్లు అనిపిస్తుంది గానీ, కాలు తడుతూ వింటే పెరగలేదని తెలుస్తుంది. వాద్యకారులు దెబ్బకు ఒక వెంట్రుకవాసి ముందుగా వాయించడం వల్ల కలిగిన భ్రమ అది. నాలుగైదేళ్ల తరువాత రాక్-అండ్-రోల్ అని పేరు పెట్టుకొని వచ్చినదానికి కావలసిన సరంజామాలో చాలాభాగం ఈ రికార్డులో అప్పటికే అమర్చి ఉంది. కుర్రకారు కోపం ఒక్కటే లోటు, ఫోర్డ్ ఎంత తుంటరివాడైనా కోపిష్ఠి కాడు.

ఆ పాట గెలిచాక కంపెనీవారు ఊరుకుంటారా? ఏడాదికి ఒకటో రెండో బూగీలు పేరులో ఒక మాట మార్చుకొని వరుసకట్టాయి. వీటిలో 1952 నాటి ‘బ్లాక్‌బెర్రీ బూగీ’ నిజంగా మంచి పాట: పళ్లు కోయడానికి ఇద్దరూ పొదల్లోకి వెళ్లడమే కథ, పళ్ల కన్నా ముళ్ల గురించి, ముళ్ల కన్నా పిల్ల గురించి ఎక్కువ చెబుతుంది. ఇక్కడ ఫోర్డ్ ఒక చిన్న నవ్వును మింగుతూ పాడతాడు. ఆ మింగుడు లయలోనే పడుతుంది. 1953 నాటి ‘క్యాట్‌ఫిష్ బూగీ’లో వాద్యాలు ఇంకా బిగువుగా ఉన్నాయి, మాటలు మాత్రం పలచబడ్డాయి. అంతకు ముందు, 1949లో, క్లిఫీ స్టోన్‌తో కలిసి రాసిన ‘స్మోకీ మౌంటెన్ బూగీ’ ఈ దారికి తొలి అడుగు; అందులో బృందం ఇంకా పల్లె నాట్యాల పద్ధతికి దగ్గరగా ఉంది, ఒక ఏడాదిలో ఎంత దూరం వచ్చారో తెలుసుకోవడానికి దానిని, ‘షాట్‌గన్ బూగీ’ని వెంటవెంటనే వినడం మంచిది. ‘రాక్ సిటీ బూగీ’లో డిన్నింగ్ సిస్టర్స్ గొంతు కలిపారు. రాక్ సిటీ అనేది చాటనూగా దగ్గరి లుకౌట్ కొండమీద ఉన్న విహారస్థలం. దారి పొడవునా రైతుల కొట్టాల పైకప్పుల మీద రంగులతో ప్రకటనలు రాయించడం వల్ల పేరుకెక్కింది. పాట కూడా ఆ ప్రకటనల కోవలోనిదే, ముగ్గురు ఆడవారి తీయని గొంతులు దానిని కొంతవరకు కాపాడాయి.

బూగీల మధ్య ఇంటిపనుల మీద రాసిన బ్లూస్ (నల్లజాతివారి విషాదగీత శైలి) పాటలు కొన్ని ఉన్నాయి. ‘మిల్క్ ఎమ్ ఇన్ ద మార్నింగ్ బ్లూస్’లో తెల్లవారుజామున లేచి ఆవుల కింద కూర్చోవలసిన రైతు గోడు ఉంది, 1949 చివరి ‘యాంటిసిపేషన్ బ్లూస్’లో భార్య కడుపుతో ఉండగా భర్త పడే అవస్థలు ఉన్నాయి. రెండవది పాడే సమయానికి ఫోర్డ్ స్వయంగా తండ్రి కాబోతున్నాడు. మరుసటి జనవరిలో ఆయనకు తొలి కొడుకు పుట్టాడు. మోస్తున్నది భార్య అయితే మూలిగేది భర్త అనే హాస్యం మన ఇళ్లలో కూడా వినిపించేదే, అందుకు పెద్దగా వ్యాఖ్యానం అక్కరలేదు. ఆవుల పాటలో నేను ఎక్కువ నిజాన్ని విన్నాను. బ్లూస్ అనే రూపాన్ని అంత చిన్న కష్టానికి వాడడం మొదట వేళాకోళంగా తోచినా, ఏడాదిలో ఒక్కరోజు కూడా సెలవు లేని పని అది అని తట్టిన తరువాత ఆ సాగదీత మరోరకంగా వినబడుతుంది.

ఇక నిరాశపరచేవాటి గురించి. ‘మ్యూల్ ట్రైన్’ 1949లో కంట్రీ పట్టికలో మొదటి స్థానం పొందింది. ‘ద క్రై ఆఫ్ ద వైల్డ్ గూస్’ 1950లో బాగా అమ్ముడుపోయింది. చరిత్ర దృష్ట్యా వీటిని వదిలేసే వీలు సంకలనకర్తలకు లేదని ఒప్పుకుంటాను. అయినా ఈ రెండు పాటలూ పాప్ గాయకుడు ఫ్రాంకీ లేన్ ద్వారా దేశమంతా మోగినవే, కొరడా చప్పుళ్లతో, కేకలతో పశ్చిమపు మైదానాల దృశ్యాన్ని చెవుల ముందు కట్టడం వాటి ఉద్దేశం. ఫోర్డ్ గొంతు ఆ కొలతకు సరిపోతుంది, కేకలు కూడా ఘనంగానే వేస్తాడు, కానీ మరొకరి కోసం కుట్టిన చొక్కా అని తెలిసిపోతూనే ఉంటుంది. గాడిదల బండి పక్కన బూగీల నడక పెట్టి చూడండి: మొదటిదానిలో ఆయన చప్పుడు చేస్తాడు, రెండవదానిలో నవ్విస్తాడు. మరొక లోపం ఈ పాటల మూసకు సంబంధించినది. ఒక్కో రికార్డు రెండున్నర, మూడు నిమిషాల కోసం తయారైంది, రేడియోలో ఒకటి విని ఇంకో పనిలో పడే శ్రోత కోసం. అన్నింటినీ ఒకే విడతలో వింటే ఎత్తుగడలు ఒకదానినొకటి పోలిపోయి, ఆరో బూగీ దగ్గర చెవి మందగిస్తుంది. నాలుగేసి పాటలుగా విడగొట్టుకొని వినడం మేలు. కుర్రవాళ్లు అమ్మాయిల వెంటపడడం, వాళ్ల తండ్రులకు దొరక్కుండా పారిపోవడమే తప్ప, ఆడవారికంటూ ఈ పాటల్లో పెద్దగా పని లేదన్నది కూడా చెప్పి తీరాలి. ‘షాట్‌గన్’ పిల్ల చేతికి తుపాకి ఇవ్వడం ఆ మేరకు మినహాయింపు.

ఆ లోటును తీర్చే మనిషి కే స్టార్. ఓక్లహోమాలో పుట్టి, జాజ్ బృందాలతో పాడి వచ్చిన ఈ గాయనితో కలిసి ఫోర్డ్ 1950లో ‘ఐల్ నెవర్ బి ఫ్రీ’ పాడాడు. ఆ రికార్డు కంట్రీ పట్టికలో రెండవ స్థానానికి, పాప్ పట్టికలో మూడవ స్థానానికి చేరింది. అదే రికార్డు రెండోవైపున ‘ఎయింట్ నోబడీస్ బిజినెస్ బట్ మై ఓన్’ ఉంది. ఆమె పక్కన ఆయన ఒక్కసారిగా ఒళ్లు దగ్గర పెట్టుకొని పాడతాడు. ఒంటరిగా ఉన్నప్పుడు చేసే వెకిలి వేషాలు మానేసి, ఆమె పాదం ముగిసే తీరును గమనించి తన పాదాన్ని మొదలుపెడతాడు. స్పీడీ వెస్ట్ స్టీల్ గిటారు మొదటిదానిలో ఇద్దరి మధ్యా మూడో గొంతులాగే మాట్లాడుతుంది. ఈ ఇద్దరి యుగళగీతాలు మరిన్ని ఉన్నాయి. ఏ సంకలనం కొన్నా, కొనకపోయినా, ఈ రెండింటిని మాత్రం విడిగానైనా వెదికి వినాలి.

చివరకు ‘సిక్స్‌టీన్ టన్స్’. పాట ఫోర్డ్‌ది కాదు. కెంటకీలోని మ్యూలెన్‌బర్గ్ కౌంటీ గని కార్మికుడి కొడుకు మెర్ల్ ట్రావిస్ దానిని 1946లో రాసి, ఒక్క గిటారుతో, ముందు కొంత మాటల పరిచయంతో క్యాపిటల్‌కే రికార్డు చేశాడు. ఎంత బొగ్గు నింపినా మిగిలేది ఒక రోజు వయసు, మరికొంత అప్పు మాత్రమేనన్న పల్లవి ట్రావిస్‌కు తన అన్న రాసిన ఉత్తరంలో దొరికింది. చనిపోవడానికి కూడా తాహతు లేదు, ఆత్మ కంపెనీ కొట్టుకు బాకీ పడిందన్న మాట తండ్రి నోట విన్నది. ఆ కొట్టు కవి కల్పన కాదు. అనేక గని పట్టణాల్లో ఇల్లు కంపెనీది, దుకాణం కంపెనీది, జీతం కూడా ఆ దుకాణంలో తప్ప చెల్లని కంపెనీ బిళ్లల్లో ఇచ్చేవారు. నెల చివర లెక్క చూస్తే కార్మికుడే బాకీ తేలేవాడు. సింగరేణి బొగ్గుబావుల్లో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి టబ్బులు నింపిన ఫిల్లర్ల కుటుంబాల నుంచి వచ్చినవారికి, ఒక మనిషి ఒక షిఫ్టులో పదహారు టన్నులు ఎత్తడమంటే ఏమిటో నేను వివరించనక్కరలేదు.

1955లో ఫోర్డ్ ఎన్‌బీసీ టెలివిజన్‌లో రోజూ పగటిపూట కార్యక్రమం నడుపుతూ రికార్డింగులకు తీరిక లేకుండా ఉన్నాడు. ఒప్పందం ప్రకారం పాటలు ఇవ్వాలని క్యాపిటల్ ఒత్తిడి చేసింది. టెలివిజన్‌లోనూ ఇండియానా రాష్ట్ర ఉత్సవంలోనూ పాడినప్పుడు జనం బాగా స్పందించిన పాట కాబట్టి దీనిని ఎంచుకున్నాడు. వాద్యవిన్యాసం జాక్ ఫాసినాటోది: ఫిడేలు లేదు, స్టీల్ గిటారు లేదు, క్లారినెట్లు, ట్రంపెట్, మెల్లని దరువు. వేగం ఎంత ఉండాలో చెప్పడానికి ఫోర్డ్ వేళ్లతో చిటికెలు వేశాడు. నిర్మాత లీ జిల్లెట్ ఆ చిటికెలను అలాగే ఉంచమన్నాడు. అక్టోబరు 17న రికార్డు వెలువడినప్పుడు ముందువైపు పాట ఇది కాదు, ‘యూ డోంట్ హావ్ టు బి ఎ బేబీ టు క్రై’. రేడియో అనౌన్సర్లు రికార్డును తిరగేశారు. నెల లోపే పది లక్షల ప్రతులు, రెండు నెలలకల్లా ఇరవై లక్షలు అమ్ముడయ్యాయి. కంట్రీ పట్టికలో 10 వారాలు, పాప్ పట్టికలో 8 వారాలు మొదటి స్థానం దీనిదే. మరుసటి జనవరిలో బ్రిటన్‌లోనూ అగ్రస్థానం దక్కింది.

ఈ సంఖ్యలు ఎక్కడైనా దొరుకుతాయి. సంకలనంలో ఆరేళ్ల బూగీల తరువాత దీనిని వినేవారికి మాత్రమే తట్టే సంగతి ఒకటుంది. ఇందులో బూగీ పియానో ఎడమ చెయ్యి వినబడదు, అయినా ఆ నడక ఎక్కడికీ పోలేదు. చిటికెలు దాని ఎముకలను మోస్తున్నాయి. మాంసాన్ని గొంతు మోస్తున్నది. జంటదెబ్బల ఊపు అదే, పాదం చివర మెట్టు దిగడం అదే, అచ్చులను పిసినారిగా వాడడం అదే. మారింది వేగం, దానితోపాటు నవ్వు దిగిన లోతు. ట్రావిస్ పాటలో గని కార్మికుడు తన కష్టాన్ని చెబుతాడు; ఫోర్డ్ పాటలో అతడు ఏ క్షణంలోనైనా ఎవరినో ఒకరిని కొట్టగలడు. చివరి చరణంలో ఒక పిడికిలి ఇనుము, రెండవది ఉక్కు అన్నప్పుడు గాయకుడు గొంతు పెంచడు, దానివల్లనే బెదిరింపు నమ్మదగినదిగా ఉంటుంది. ‘షాట్‌గన్ బూగీ’లో మామను చూసి పరుగు తీసిన కుర్రవాడిలో లేని కోపం ఇక్కడ మొదటిసారి కనబడుతుంది, అదీ పరుగు ఆగిపోయిన తరువాత.

తరువాతి కథ ఈ సంకలనం పరిధిలోనిది కాదు. 1956లో ఫోర్డ్ మోటారు కంపెనీ ఖర్చుతో ‘ద ఫోర్డ్ షో’ మొదలై 1961 వరకు నడిచింది. కంపెనీకి, గాయకుడికి ఇంటిపేరు కలవడం కేవలం యాదృచ్ఛికం. ఆ 1956లోనే ‘హిమ్స్’ అనే కీర్తనల ఆల్బం అఖండంగా అమ్ముడయింది. ఆపై బూగీ గాయకుడు క్రమంగా మరుగున పడ్డాడు. కీర్తనలను కలపకపోవడంలో సంకలనకర్తలు సరైన నిర్ణయం చేశారు. రెండింటినీ కలిపి అందరినీ తృప్తిపరచబోయిన సంకలనాలు ఈయన పేర బోలెడన్ని వచ్చాయి. వాటిలో ప్రార్థన ముగియకముందే తుపాకి పేలుతుంది.

ధ్వని విషయానికి వస్తే, ఇవన్నీ ఒకే దిశనుంచి వచ్చే మోనో రికార్డింగులు. స్టీరియోకు అలవాటుపడినవారికి మొదట ఇరుకుగా అనిపిస్తుంది. 1949 నాటి పాటల్లో అంచులు కొంత గరుకుగా ఉన్నాయి, 1952 తరువాతవి చక్కగా విచ్చుకున్నాయి, ‘సిక్స్‌టీన్ టన్స్’ అయితే నిన్న మొన్న చేసినంత నిర్మలంగా ఉంది. ఫోన్‌లోని చిన్న స్పీకరులో ఈ పాటలు వినవద్దు. మంద్రస్వరాలు పోయాక వీటిలో మిగిలేది సగమే. మాటమాత్రంగా చవకబారు సంకలనాల గురించి ఒక హెచ్చరిక: ఇదే పాటలు వేరే బొమ్మలతో, వేరే పేర్లతో స్ట్రీమింగు యాప్‌లలో ఎన్నో వరుసల్లో కనబడతాయి. కొనేముందు, వినేముందు అవి 1949–55 నాటి క్యాపిటల్ మూల రికార్డింగులేనా అన్నది చూసుకోవాలి. వెనుక గొంతుల బృందగానం, వయొలిన్ల వరుస వినబడితే అది మనకు కావలసినది కాదు.

రైనో సీడీ ఇప్పుడు కొత్తగా దొరకడం కష్టం గనుక పాత సీడీలు అమ్మేవారి దగ్గర వెదకవలసి ఉంటుంది. ఆ కాలమంతటినీ సమగ్రంగా కోరేవారికి జర్మనీకి చెందిన బేర్ ఫ్యామిలీ సంస్థ 2015లో 1949–60 నాటి రికార్డింగులతో, టెడ్ ఓల్సన్ రాసిన పరిచయ గ్రంథంతో వెలువరించిన ‘పోర్ట్రెయిట్ ఆఫ్ యాన్ అమెరికన్ సింగర్’ అనే ఐదు సీడీల పెట్టె ఉంది. అది పరిశోధకులకు, పిచ్చి ముదిరినవారికి. మొదటిసారి వినేవారు ఐదు సీడీలతో మొదలుపెట్టి అలసిపోవడం కంటే, ఈ ఒక్కదానితో మొదలుపెట్టి, ‘షాట్‌గన్’, ‘బ్లాక్‌బెర్రీ’, ‘క్యాట్‌ఫిష్’ బూగీలను ముందు విని, ‘మ్యూల్ ట్రైన్’ను దాటేసి, గని పాటను అన్నింటికన్నా ఆఖరున పెట్టుకోవడం మంచిది.